దారం చివర మీ ఊరు

ఫిబ్రవరి 6

వదినా,

ముందు కుట్టుమిషను ఆపు. చేతిలో కత్తెర ఉంటే పక్కన పెట్టు. ఈ ఉత్తరం అన్నయ్య చేతికి ముందుగా చిక్కకూడదని కవరు మీద పెద్దక్షరాలతో నీ పేరొక్కటే రాశాను. చిక్కిందంటే మొదటి వాక్యానికే వీధంతా చాటింపు వేసి వస్తాడు.

నేను పెళ్లి చేసుకుంటున్నాను.

ఊపిరి పీల్చుకున్నావా? ఇక తాపీగా చెబుతా. మా లైబ్రరీ వరండాలో ఒక పెద్ద గోళం ఉందని ఎప్పుడో రాశాను. రెండు చేతులతో వాటేసుకున్నా వేళ్లు కలవనంత పెద్దది. పోయిన వానాకాలంలో దాని ఇరుసు కిర్రుకిర్రుమంటూ భూమి ఒక పక్కకి ఒరిగిపోతే, బాగుచేయడానికి ఒకాయన వచ్చారు. గోడగడియారాలు, తూకం యంత్రాలు, గోళాలు, ఇలాంటివి రిపేరు చేస్తారు. ఇరుసు ఆ రోజే బాగైంది. మళ్లీ వారం రంగు లేచిందని వచ్చారు. ఆపై వారం నూనె వేయాలని వచ్చారు. మూడోసారి వచ్చినప్పుడు గోళానికి ఏ జబ్బూ లేదని నాకు అర్థమైంది. నాలుగోసారి నేనే టీ పెట్టించాను.

ఆయన భార్య పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. యాభై దాటిన దానికి పెళ్లేమిటని నా పక్క టేబులామె ముక్కున వేలేసుకుంది. ఆ వేలు ఇంకా తీయలేదు.

జూన్ చివర్లో రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెడతాం. హడావుడి ఏమీ లేదు. ఇద్దరు సాక్షులు కావాలన్నారు. ఆయన వైపు ఆయన స్నేహితుడు. నా వైపు నువ్వు. అన్నయ్య కాదు, నువ్వు. అమ్మ పోయాక నాకు జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ, నన్ను చదివించాలని అన్నయ్యతో పోట్లాడిందీ నువ్వే. నువ్వు పక్కన నిలబడకపోతే నేను సంతకం పెట్టను. ఇది బెదిరింపు అనుకున్నా సరే.

నీ
ఆడపడుచు


ఫిబ్రవరి 20

ఏమే అమ్మడూ,

కత్తెర పక్కన పెట్టమన్నావు, పెట్టాను. అది ఎవరిదో ప్యాంటు గుడ్డ కింద చేరిపోయి, సాయంత్రం దాకా వెతుక్కోవాల్సి వచ్చింది. అంతా నీ వల్లే.

ఏడ్చాను, నవ్వాను, మళ్లీ ఏడ్చాను. మీ అన్నయ్య ఎవరో పోయారనుకుని చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడ్డారు. విషయం చెప్పాక నువ్వన్నట్టే చాటింపు జరిగింది. పైపులు బిగించడానికి ఏ ఇంటికి వెళ్లినా ముందు నీ పెళ్లి సంగతి, తర్వాతే కుళాయి సంగతి.

నీ గోళం మేస్త్రీ నాకు నచ్చారు. నూనె వంక పెట్టుకుని వచ్చే మనిషి చెడ్డవాడై ఉండడు. నీ పెళ్లికోటు నేనే కుడతాను, ముదురెరుపు గుడ్డ ఎప్పుడో దాచి ఉంచాను. కొలతలు పంపకు. గోడ మేకుకి నీ దారం ఇంకా ఉంది. అంకెలు నాకు వంటబట్టవని నీకు తెలుసుగా. ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ మనిషికో దారం, మెడకో ముడి, భుజానికో ముడి, నడుముకో ముడి. నిన్ను కొలిచేటప్పుడు చక్కిలిగింత అంటూ కొట్టంతా పరిగెత్తించేదానివి. ఆ దారం చూస్తే ఇంకా నా కాళ్లు నొప్పులు పుడతాయి.

ఇప్పుడు అసలు మాట. నేను రాలేను.

తిట్టకు, పూర్తిగా విను. నాకు నీళ్లంటే భయం. పైపుల మేస్త్రీని కట్టుకుని, బకెట్టు నిండుతుంటే దడుచుకునే ఆడది లోకంలో నేనొక్కదాన్నే ఉంటాను. విమానమంటే ఫరవాలేదు, ధైర్యం చేస్తాననే అనుకున్నాను. దారి ఎలా ఉంటుందో చూద్దామని మీ అన్నయ్యని అడిగాను. అదే నేను చేసిన తప్పు. హాల్లో క్యాలెండరు మీద ప్రపంచపటం ఉంది కదా, దాని మీద స్టీలు స్కేలు పెట్టి మా ఊరి నుంచి మీ ఊరికి పెన్సిలు గీత లాగారు. మొదటి అంగుళం నేల. అక్కడి నుంచి చివరి దాకా నీలమే. "పదహారు వేల కిలోమీటర్లు, ఒక్క బెండు, ఒక్క వంపు లేకుండా సాఫీగా సముద్రం మీదే" అన్నారు, పైపు వేసినంత సంతోషంగా. నాకు అక్కడే కళ్లు తిరిగాయి.

అంత సముద్రం మీద గాల్లో వేలాడటం నా వల్ల కాదే. కోటు పంపుతాను, మీ అన్నయ్యని పంపుతాను. ఆయన సంతకం కూడా నా సంతకంలాగే ఉంటుంది, ఇద్దరిదీ ఎవరికీ అర్థం కాదు.

నీ
వదిన

(చెల్లాయ్, స్కేలు అబద్ధం చెప్పదు. కొత్త స్కేలే. ~ అన్నయ్య)


మార్చి 7

వదినా,

అన్నయ్యకి చెప్పు, స్కేలు అబద్ధం చెప్పలేదు. క్యాలెండరు చెప్పింది.

నీ ఉత్తరం చదివి నేను డీలాపడి కూర్చుంటే, మేస్త్రీగారు (నువ్వు పెట్టిన పేరు ఆయనకి తెగ నచ్చింది) జేబులోంచి దారపుండ తీశారు. గోళం దగ్గరికి తీసుకెళ్లి, ఒక కొస మీ ఊరి చుక్క మీద నా వేలితో నొక్కించారు. రెండో కొస మా ఊరి చుక్క దాకా తెచ్చి బిగించి లాగారు. వదినా, దారం సముద్రం వైపు పోనే పోలేదు! జర్రున జారి పైకెక్కింది. ఉత్తరాన తెల్లటి మంచు మీదుగా వంపు తిరిగి, అడవులు దాటి మా ఊళ్లో దిగింది. విమానాలు పోయేది అటేనట. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దగ్గరి దారి అదేనట. అన్నయ్య చెప్పిన పదహారు వేలు కాదు, పదమూడు వేలు. భూమి చుట్టుకొలతలో మూడోవంతు.

నేను చెబితే నువ్వు నమ్మవు. అందుకని నీ పద్ధతిలోనే చేశాం. ఆ దారాన్నే కత్తిరించి, రెండు కొసలా రెండు ముళ్లు వేశాం. ఒకటి మీ ఊరు, ఒకటి మా ఊరు. దారిలో నీళ్లు వచ్చే చోటు మేస్త్రీగారు సిరాలో ముంచి నీలంగా చేశారు. ఎంత చిన్న ముక్కో చూడు! మిగిలిందంతా తెల్లగా ఉంది. ఆ ముక్క దాటేటప్పుడు కళ్లు మూసుకో, తెరిచేసరికి నేల వచ్చేస్తుంది.

మీ వీధి చివర స్టేషనరీ కొట్లో గోళాలు ఉంటాయి. ఏదో ఒకటి కొనుక్కో. ఈ దారం దాని మీద వేసి, నీ వేలితో నువ్వే చూసుకో. నువ్వే చూశాక మళ్లీ రానంటే అప్పుడు ఒప్పుకుంటాను.

ఇక్కడ చలి వదలట్లేదు. కోటుకి లోపల లైనింగు వేయి.

నీ
ఆడపడుచు


మార్చి 22

గౌరవనీయులైన ఆడపడుచుగారికి,

మీరు పంపిన దారం భద్రంగా అందినది. మీరు చెప్పిన ప్రకారమే గోళం కొని, దాని మీద వేసి చూడటమైనది. మీ మనసులోని మాట తెలిసినది. ఇంత దూరం దారం పంపి చెప్పనక్కర్లేదు, ఒక్క ముక్క రాస్తే సరిపోయేది.

కోటు పని జరుగుతున్నది. లైనింగు వేయబడును. పోస్టులో పంపబడును.

మీరూ, మేస్త్రీగారూ చల్లగా ఉండాలి.

ఇట్లు
మీ వదిన

(చెల్లాయ్, ఏం పంపావే తల్లీ? దారం వచ్చిన మధ్యాహ్నం నుంచీ మీ వదిన నోరు విప్పట్లేదు. మిషను మాత్రం పొద్దస్తమానం గడగడలాడుతోంది. కోపం నా మీదేమో అనుకుని, ఏళ్ల తరబడి కారుతున్న మన వంటింటి కుళాయి బాగుచేశాను. అయినా మాట లేదు. పాడుచేసి మళ్లీ బాగుచేయమంటావా? ~ అన్నయ్య)


ఏప్రిల్ 6

వదినా,

నన్ను నువ్వు "మీరు" అన్నది ఇంతకుముందు ఒక్కసారే. ఎవరిదో పట్టుగుడ్డ కత్తిరించి నా బొమ్మకి గౌను కుట్టుకున్న రోజు. "మీరు అన్నానికి వస్తారా?" అన్నావు. నేను బీరువా వెనక దాక్కుని ఏడ్చాను. ఇప్పుడు లైబ్రరీలో దాక్కోవడానికి బీరువాలు చాలా ఉన్నాయి, వయసే అడ్డొస్తోంది.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చివరికి అర్థమైంది. నీకు మేస్త్రీగారు నచ్చలేదు. మొదట నచ్చారని రాసింది నా సంతోషం కోసం. సముద్రం ఒక సాకు. దారి సముద్రం మీద కాదని తేలాక సాకు లేకుండా పోయి కోపం వచ్చింది. రెండో పెళ్లివాడనా? సంచిలో స్క్రూడ్రైవర్లు వేసుకుని తిరిగేవాడనా? పైపుల మేస్త్రీని చేసుకున్న నువ్వు అలా అనుకోవు. మరి ఏమిటి?

మేస్త్రీగారికి నీ ఉత్తరం చూపించకుండా ఉండాల్సింది. చూపించాను. అప్పటి నుంచి ఆయన నవ్వు తక్కువైంది, మాట ఎలాగూ లేదు. నిన్న వచ్చి, బాగున్న గోళానికే నూనె వేసి, "మీ వదినగారి మనసు కష్టపెట్టి మనం సుఖపడలేం" అని వెళ్లిపోయారు. టీ తాగలేదు.

రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లి, తేదీ ఖాయం చేయొద్దని చెప్పాను. ఆమె మంచిది. మే సగం దాకా మా పేర్లు కొట్టేయకుండా ఉంచుతానంది. వదినా, నీకు ఇష్టం లేని పెళ్లి నేను చేసుకోను. చేసుకుంటే నాకు సంతోషంగా ఉండదు. కానీ ఇష్టం ఎందుకు లేదో తిన్నగా చెప్పు. నన్ను తిట్టు. "ఏమే" అను.

నీ
ఆడపడుచు


ఏప్రిల్ 20

ఏమే, ఏమే, ఏమే!

చాలా? ఇంకో రెండు వేసుకో, ఏమే, ఏమే!

నీకు మతి పోయిందా? మేస్త్రీగారిని నేను ఏమన్నాను? ఆ దారానికి ఆయన వేసిన ముడి చూశాకే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. అంత శుభ్రమైన ముడి మా కొట్లో నేను తప్ప ఎవరూ వేయలేరు. నా కోపం నీ మీద. నీ ఒక్కదాని మీద. దానికి ఆయన టీ మానేయడమేమిటి? ముందు వెళ్లి టీ పోయించు, తర్వాత ఈ ఉత్తరం చదువు.

పోయించావా? ఇప్పుడు విను.

నువ్వు చెప్పినట్టే గోళం కొన్నాను. కొట్టు మూసుకుని, తలుపు గడియ పెట్టి, దారం తీసుకుని కూర్చున్నాను. మొదటి ముడి మన ఊరి చుక్క మీద నొక్కిపెట్టాను. నువ్వు రాసినట్టే పైకి లాగాను. మంచు దాటింది. అడవులు దాటింది. మీ ఊరు కూడా దాటింది. అయినా చేతిలో బోలెడు దారం మిగిలింది. ఏమిటా అని అలాగే వేసుకుంటూ పోయాను. నీలం ముక్క సరిగ్గా ఎడారి మీద పడింది. తెల్ల దారమేమో నడిసముద్రంలో ఈదుతోంది. సాగదీసి, సాగదీసి వేస్తే చివరి ముడి ఎక్కడికొచ్చిందో తెలుసా? భూమంతా చుట్టి, తిన్నగా మన ఊరి చుక్క మీదికే! మొదటి ముడీ చివరి ముడీ ముక్కూ ముక్కూ రాసుకున్నాయి.

నా దగ్గర దారం అంటే కొలత. కొలత అంటే మాట. నలభై ఏళ్లుగా దారం ఏం చెబితే అదే కత్తిరిస్తున్నాను, ఎవరికీ భుజం దగ్గర బిగుతు కాలేదు. ఆ దారమే చెప్పింది: "వదినా, నీ ప్రయాణం మీ ఇంటి నుంచి మీ ఇంటికే. గడప దాటకు." నువ్వు రావద్దంటున్నావనుకున్నాను. చదువుకున్న స్నేహితులంతా వస్తారు, బకెట్టు చూసి దడుచుకునే వదిన ఎందుకులే అనుకున్నావేమో అనుకున్నాను. బాధపడ్డాను. చాలా బాధపడ్డాను. అందుకే "మీరు" అన్నాను.

తప్పు నాదైతే చెప్పు. తప్పు దారానిదైతే అదీ చెప్పు. తేదీ మాత్రం వదులుకోకు.

నీ
వదిన

(చెల్లాయ్, నేనూ కొలిచాను, మీ వదిన కొలత కరెక్టే. గోళంలో లోపమేమీ లేదు, మంచి కంపెనీది. పిల్లలు ఆడుకునే బంతంత ఉంది, అడుగున పెన్సిలు చెక్కుకునే బెజ్జం కూడా ఉంది. నా అనుమానం మేస్త్రీగారు దారం తడిపి వేయడం వల్ల సాగింది. పైపు అయితే సాగదు. ~ అన్నయ్య)


మే 4

వదినా! అన్నయ్యా!

అన్నయ్య రాసిన ఆ నాలుగు ముక్కలు లేకపోతే మన కొంప మునిగేది. "బంతంత" అన్న మాట చూడగానే మేస్త్రీగారు ఉత్తరం కింద పెట్టి, కళ్లజోడు తీసి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆయన అంత గట్టిగా నవ్వగలరని నాకు తెలియదు. చదువుకునేవాళ్లంతా తలలెత్తి చూశారు. "నిశ్శబ్దం" అని రాసిన బోర్డు కిందే నిలబడి నవ్వుతున్నారు. ఆ బోర్డు తగిలించింది నేనే.

మా గోళం నీ గోళానికి మూడింతలుంది వదినా! వాటేసుకున్నా వేళ్లు కలవవని మొదట్లోనే రాశాను. దారం పంపేటప్పుడు మాత్రం "ఏదో ఒకటి కొనుక్కో" అనేశాను. పెద్ద భూమి మీద మూడోవంతు పోయిన దారం, నీ చిన్న భూమి మీద ఒక చుట్టు పూర్తిగా తిరిగి ఇంటికి రాక ఏం చేస్తుంది? నా కోటు కొలత దారంతో పసిపాపకి గౌను కుట్టమన్నట్టు ఉంది నేను చేసిన పని. నీ తప్పు కాదు, దారం తప్పు కాదు, నాదే.

ఇప్పుడు ఇలా చెయ్యి. ఆ దారాన్ని మూడు మడతలు పెట్టు. ఆ మడత పొడుగే నీ గోళం మీద అసలు దూరం. ఒక కొస మీ ఊళ్లో పెట్టి వేస్తే రెండో కొస తిన్నగా మా ఊరి చుక్క మీదికి వస్తుంది. నీలం ముక్క కూడా మూడో వంతుకి తగ్గిపోతుంది, గోరంత ఉంటుంది.

ఇంకో మాట. నీకు నీళ్ల భయం ఎంతో నాకు తెలుసు. నాకు ఈత నేర్పిస్తానని అన్నయ్య తీసుకెళ్తే, నువ్వు గట్టు మీద నిలబడి, నేను మునిగిన ప్రతిసారీ నువ్వు కూడా ఊపిరి బిగపట్టావు. అందుకే చెబుతున్నాను, నిజంగా చెబుతున్నాను. నువ్వు రాలేనంటే మేమే అక్కడికి వస్తాం. సంతకం ఎక్కడైనా పెట్టొచ్చు. లైబ్రరీకి సెలవు పెట్టి, ఆయన సంచీ సర్దుకుని వచ్చేస్తాం. దానికి నువ్వు బాధపడనక్కర్లేదు.

రిజిస్ట్రారుకి చెప్పేశాను. తేదీ మళ్లీ మాదే.

మేస్త్రీగారు టీ రెండు కప్పులు తాగారు.

నీ
ఆడపడుచు


మే 18

అమ్మడూ,

మూడు మడతలు పెట్టాను. వేశాను. సూదిలో దారం ఎక్కినట్టు తిన్నగా వెళ్లి మీ ఊరి మీద కూర్చుంది.

ఆ రోజంతా పని జరగలేదు. గుండీలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకీ, చొక్కా అందుకోవడానికి వచ్చినవాళ్లకీ, అందరికీ చూపించాను. దారి అడగడానికి వచ్చిన ఒక దారినపోయే ఆయనకి కూడా చూపించాను. పాపం, ఆయనకి కావాల్సింది బస్టాండు.

మీ అన్నయ్య మాత్రం ఒప్పుకోలేదు. క్యాలెండరు తెచ్చి గోళం పక్కన పెట్టి, "అదే ఊరు, ఇదే ఊరు, స్కేలు పెడితే సముద్రం, దారం పెడితే మంచు, ఏమిటీ మాయ?" అని బుర్ర గోక్కున్నారు. అప్పుడు నాకు తట్టింది. నిలబడమని చెప్పి ఆయన పొట్ట చుట్టూ దారం వేశాను. "ఈ పొట్టకి చొక్కా కుట్టాలంటే గుడ్డని మడత పెట్టి, చీల్చి, కొసలు సాగదీసి నానా తంటాలు పడుతున్నాను కదా, ఎందుకు? గుడ్డ చదును, మీరు గుండ్రం. ఆ క్యాలెండరు వేసినవాడూ అంతే, గుండ్రటి భూమిని సాగదీసి కాగితం మీద పరిచాడు. గుండ్రటివాటిని వాటి మీదే కొలవాలి" అన్నాను. ఆయన పొట్టవైపు, గోళం వైపు మార్చి మార్చి చూసుకున్నారు. తర్వాత క్యాలెండరు గోడకి తిప్పి తగిలించారు.

ఇక నువ్వు రాసిన ఆ మాట, మీరే వచ్చేస్తామన్నది. చదివి మనసు కరిగింది. కరిగాక కోపం కూడా వచ్చింది. పెళ్లికూతురు వదినని వెతుక్కుంటూ వస్తుందా? ఎక్కడైనా ఉందా ఆ చోద్యం? అదీ కాక కోటు ఒంటి మీద వేసి చూడందే కుట్టు ముగించకూడదు. నీ పాత దారం ప్రకారం కత్తిరించాను కానీ, ఆ దారం నాటి నడుము నీకు ఇప్పుడు ఉందని నేను నమ్మను. నాకూ లేదులే. లోపల గుడ్డ బాగా వదిలాను. మిగతాది నిన్ను నిలబెట్టి చూసుకోవాలి.

కాబట్టి నేనే వస్తున్నాను. టిక్కెట్లు తీసుకున్నాం, మీ అన్నయ్యకీ నాకూ. కిటికీ పక్క సీటు ఆయనకి. నేను మధ్యలో, కిందికి చూడను. గోరంత నీలం దాటడానికి నా దగ్గర గోరంత ధైర్యం ఉంది. సరిపోతుంది.

భయం పోలేదే. పోయిందని అబద్ధం చెప్పను. రాత్రి కలలో బకెట్టు పొంగింది. అయినా వస్తున్నాను.

నీ
వదిన

(చెల్లాయ్, దారి తెలిసింది కానీ బెండు ఎందుకో ఇంకా తెలియలేదు. మేస్త్రీగారితో కూర్చుని మాట్లాడాలి. ~ అన్నయ్య)


జూన్ 21, విమానంలో

అమ్మడూ,

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు, చేతికే ఇస్తాను. రాయకుండా కూర్చుంటే భయమేస్తోంది. రాస్తున్నా భయమే కానీ, అక్షరాలు వంకరపోయాయంటే విమానం కుదిపిందని చెప్పుకోవచ్చు.

ఎక్కేటప్పుడు ఏం జరిగిందో మీ అన్నయ్య చెబుతారు, నమ్మకు. నేను అరవలేదు. తలుపు సరిగ్గా వేశారా లేదా అని కాస్త గట్టిగా అడిగానంతే.

సీటు ముందు చిన్న తెర ఉంది. మన విమానం ఎక్కడుందో అందులో చూపిస్తారు, క్యాలెండరులాంటి పటం మీద. దాని మీద దారి విల్లులా వంగి ఉంది. అది చూసి మీ అన్నయ్య సీట్లోంచి సగం లేచారు. "చూశావా, బెండు! ఇంత పెద్ద బెండు ఎందుకు వేశాడో పైలట్టుని అడిగొస్తా" అన్నారు. "కూర్చోండి, అది బల్ల మీద పరిచిన భూమి. మీ పొట్టని పరిచినా గీత అలాగే వంగుతుంది" అన్నాను. అటువైపు సీట్లో కూర్చున్న పెద్దావిడకి మన భాష రాదు కానీ, నేను చూపించిన చోటు చూసి బాగా నవ్వింది.

నీలం ముక్క దగ్గర కళ్లు మూసుకున్నాను. నిజంగానే త్వరగా అయిపోయింది. హమ్మయ్య అనుకుని, గుప్పిట్లో నువ్వు పంపిన దారం పట్టుకుని, కొంచెం ధైర్యంగా, తల తిప్పి మీ అన్నయ్య భుజం మీదుగా కిటికీలోంచి చూశాను. అంతా తెలుపు. ఎంత దూరం చూసినా ఉతికి పరిచిన గుడ్డ తానులాగా తెలుపు. "ఎంత విశాలమైన నేల!" అన్నాను.

"నేలేమిటి? అది సముద్రమే, పైన గడ్డకట్టింది. కింద అంతా నీళ్లే" అన్నారు మీ అన్నయ్య, తాపీగా, బిస్కెట్టు తింటూ.

గబగబా గుప్పిట విప్పాను. దారం చూశాను. ఆ చోట తెల్లగా ఉంది. ఏమే, నిజం చెప్పు. గోళాలతో బతికే మనిషికి ఆ మంచు కింద ఏముందో తెలియదా? సిరాసీసా పక్కనే పెట్టుకుని ఆ ముక్క మాత్రం తెల్లగా వదిలేస్తారా? ఆయన వదల్లేదు. నువ్వు వదిలించావు. నీ సంగతి నాకు తెలియదా, జ్వరం మాత్రని బెల్లంలో దాచిపెట్టడం నీకు నేర్పింది నేనే.

దిగి నీ చెవి మెలిపెడదామనుకుంటూ కాసేపు కోపంగా కూర్చున్నాను. కోపం సగంలో ఉండగా ఒక సంగతి గమనించాను. అప్పటిదాకా ఆ సముద్రం మీదే కూర్చుని ఉన్నాను. కళ్లు తెరిచే ఉన్నాను. టీ తాగాను. ఏమీ కాలేదు. భయపడాల్సిన చోటు దాటిపోయాక భయపడటం దండగ అనిపించింది. మీ అన్నయ్యని లేపి, కిటికీ పక్క సీటు నేను తీసుకున్నాను. చూస్తూనే ఉన్నాను అమ్మడూ. ఇంత అందంగా ఉంటాయని తెలిస్తే నీళ్లతో ఇన్నాళ్లు పేచీ పెట్టుకునేదాన్నే కాదు. బకెట్టు సంగతి వేరు.

ఇప్పుడు కింద అడవులు కనిపిస్తున్నాయి. గంటలో దిగుతామని ఇప్పుడే చెప్పారు.

కోటు నా ఒళ్లోనే ఉంది, సంచిలో పెడితే నలుగుతుందని. మేకు మీది నీ పాత దారం కూడా తెచ్చాను. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, నీకు పదేళ్లప్పుడు, మొదటి గౌను కోసం తల నుంచి పాదం దాకా కొలిచింది. ఆ తర్వాత నువ్వు పెరిగినకొద్దీ దానికే ముక్కలు కలుపుతూ ముళ్లు వేశాను, కొత్తది తీయబుద్ధి కాలేదు. ఇందాక ఊసుపోక రెండు దారాలూ పక్కపక్కన పట్టుకుని చూశాను, నీదీ, మేస్త్రీగారు పంపినదీ.

మన రెండు ఊళ్ల మధ్య దూరం కన్నా నీ దారమే పొడుగ్గా ఉంది. చాలా పొడుగ్గా ఉంది. ఈ సంగతి ముందే చూసుకుని ఉంటే, ఒక్క ఉత్తరం కూడా లేకుండా బయల్దేరేదాన్ని.

గోళాలు వేరువేరు సైజులని మీ అన్నయ్య ఏదో అనబోయారు. బిస్కెట్టు తినమన్నాను.

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర చేతులు చాపి నిలబడు. కొత్త కొలత తీసుకోవాలి. చక్కిలిగింత అని పరిగెత్తావంటే ఊరుకోను.

నీ
వదిన